పలకగా మాఱు ల్యాప్‌టాపు

మన యిండ్లలో ఇంటి యజమానికి వ్రాతబల్ల యొకటి యుండును. పిల్లలు చదువుకొనుటకు ఒక మూల యుండును. ఇల్లాలికి మాత్రము తనదని చెప్పుకొనదగిన బల్లగాని కుర్చీగాని యుండుట యరుదు. ఆమె పాలలెక్క వ్రాసికొనుట వంటగట్టుమీద, ఉత్తరము చదువుకొనుట మంచముమీద, పిల్లవానికి ఎక్కములు చెప్పుట చాపమీద. ఉద్యోగము చేయు స్త్రీకి ఆఫీసులో బల్ల యున్నను, ఇంటికి వచ్చిన తరువాత నీ యేర్పాటే. కంప్యూటరును నిర్మించినవారు మాత్రము, దానిని వాడు మనిషి యెదుట నొక బల్లయు, వెనుక నొక కుర్చీయు నుండునని తలంచియే నిర్మించిరి. ల్యాప్‌టాపు అనగా ఒడిలో నుంచుకొనునది యని యర్థము. అది పేరునకే. బాసిపట్టు వేసికొని కూర్చున్నవారి తొడలమీద నది యటు నిటు జాఱును. పరుపుమీద పెట్టినచో అడుగున గాలి యాడక వేడెక్కును. గట్టుమీద పెట్టినచో కూరలపళ్లెమునకును గిన్నెలకును నడుమ నున్న కొంచెపు చోటు నాక్రమించుకొనును.

ఈ చిక్కునకు కొంతవఱకు విరుగుడుగా వచ్చినది కన్వర్టిబుల్ అను రకము. సామాన్యమగు ల్యాప్‌టాపు పెట్టెమూతవలె తెఱచుకొని, కొంత వెనుకకు వాలి యాగిపోవును. ఇది యాగదు. దీని మడతబందు 360 డిగ్రీలు తిరుగును. తెర వీపును కీబోర్డు అడుగును ఒకదాని నొకటి తాకువఱకు మడచవచ్చును. సగము మడచి తలక్రిందుగా నిలిపినచో గుడారమువలె నిలుచును. కీబోర్డును బోర్లించి తెరను మనవైపు నిలిపినచో ఫొటోస్టాండువలె నుండును. పూర్తిగా మడచినచో పిల్లల పలకయే. తెరను వ్రేలితో తాకియు పనిచేయించుకొనవచ్చును. కొన్నింటికి బలపమువంటి కలము కూడ నుండును. నాలుగేండ్లుగా మా యింట నిట్టిది యొకటి యున్నది. దీనితో నేను సుఖపడిన దెక్కడనో, విసిగిన దెక్కడనో సోదరీమణులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. నా యభిప్రాయము ముందుగనే చెప్పెదను: ఇది మంచి ల్యాప్‌టాపు, ఓ మోస్తరు పలక. రెండు వస్తువులకు బదులు ఒకటి కొని డబ్బు మిగుల్చుకొందమని దీనిని కొనువారు నిరాశపడుదురు. బల్ల లేని చోట గూడ పనిచేయు ల్యాప్‌టాపు కావలెనని కొనువారు సంతోషింతురు.

వ్రేలితో తాకిన పనిచేయు తెర క్రొత్తది కాదు. ఇంగ్లండులోని మాల్వర్న్ పట్టణమున నున్న రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంటు అను ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసిన ఇ. ఎ. జాన్సన్ అను నాయన 1965లోనే అట్టి తెరను గూర్చి వ్రాసి ప్రకటించెను. 1983లో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీవారు హెచ్‌పీ 150 అను బల్లమీది కంప్యూటరునకు తెర చుట్టును పరారుణ కిరణముల వలను కట్టి, వ్రేలు ఆ కిరణములను ఎక్కడ తెంచుచున్నదో కనిపెట్టు నేర్పాటు చేసిరి. కాని నిలువుగా నిలిచిన తెరను మాటిమాటికి తాకవలెనన్న చేయి లాగును. భుజము బరువెక్కును. ఈ బాధకు ఇంజనీర్లు 'గొరిల్లా చేయి' అని హాస్యముగా పేరు పెట్టిరి. ఆపిల్ కంపెనీ యధిపతి స్టీవ్ జాబ్స్ గూడ, తెర నిలువుగా నుండు ల్యాప్‌టాపునకు వ్రేలితో తాకు పద్ధతి పనికిరాదని 2010 అక్టోబరులో బహిరంగముగనే చెప్పెను. తిరుగలి విసరిన యాడువారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు. చేయి యెత్తిపట్టి చేయు పని యెంతసేపు సాగునో మనకు తెలియును. కావున తెర నిలువుగా నుండుటయే దోషమైనచో, తెరను వాల్చుట యొక్కటే మార్గము.

ఆ మార్గము ననుసరించియే 2002 నవంబరులో మైక్రోసాఫ్టువారు టాబ్లెట్ పీసీ అను పేర, కలముతో తెరమీద వ్రాయదగిన కంప్యూటర్లను లోకమునకు చూపిరి. అప్పటి కన్వర్టిబుల్ యంత్రములలో తెర నడుమ నున్న యొకే యిరుసుమీద గిఱ్ఱున తిరిగి, కీబోర్డుపై వెల్లకిల పండుకొనెడిది. బరువు ఎక్కువ, ధర యెక్కువ. సంసారుల యిండ్లకు అవి యంతగా రాలేదు. 2012లో విండోస్ 8తో పాటు లెనోవో కంపెనీవారి యోగా అను ల్యాప్‌టాపు వచ్చినది. దాని తెర వెనుకకు పూర్తిగా వంగును. ఎటు వంచిన నటు వంగుటచేత మన యోగము పేరే దానికి పెట్టిరి. 13 అంగుళముల తెరగల యా మొదటి యోగా సుమారు కిలోన్నర తూగెడిది. రెండేండ్ల తరువాత, అనగా 2014లో, వారే చేసిన యోగా 3 ప్రో అనుదానికి చేతిగడియారపు గొలుసును పోలిన మడతబందు అమర్చిరి; ఆ బందొక్కదానిలోనే ఉక్కువియు అల్యూమినియమువియు కలిసి 813 ముక్కలు కలవు. ఒక కీలునకు ఇంత శ్రమ యేల యని తోచవచ్చును. ఈ రకపు యంత్రమునకు ప్రాణ మా కీలులోనే యున్నది. సామాన్యపు ల్యాప్‌టాపు కీలు దినమునకు రెండుమూడు సారులు తెఱచి మూయబడును. దీని కీలు గుడారమై, స్టాండై, పలకయై, మరల పుస్తకమై, దినమెల్ల తిరుగుచునే యుండును.

అదే 2012లో మైక్రోసాఫ్టువారు సర్ఫేస్ అను వేఱొక రకమును తెచ్చిరి. అందు పలకయే ముఖ్యము. వెనుక నొక ఊతకాలు, ముందు ఊడదీయుటకు వీలగు పలుచని కీబోర్డు. బల్లమీద నది చక్కగా నుండును. ఒడిలో పెట్టుకొన్నచో ఊతకాలు చీరలో దిగబడి తెర వెనుకకు పడును. చాపమీదను మంచముమీదను పనిచేయువారికి, కీబోర్డును తెరయు గట్టి కీలుతో కలిసియున్న కన్వర్టిబులే మేలని నా తాత్పర్యము.

ఇక తెర యెట్లు పనిచేయునో కొంచెము తెలిసికొన్నచో వాడుక సులభమగును. అద్దము వెనుక ఇండియము, తగరము అను లోహముల ఆక్సైడుతో చేసిన పలుచని తీగెలు, కంటికి కనబడనివి, నిలువునను అడ్డమునను జల్లెడవలె పఱచియుండును. వానియందు కొంచెము విద్యుదావేశము నిలిచియుండును. మన శరీరము విద్యుత్తును ప్రవహింపనిచ్చునది కావున, వ్రేలు దగ్గఱకు రాగానే ఆ చోటి యావేశము మాఱును. ఎచ్చట మాఱినదో కంప్యూటరు లెక్కించుకొని, తాకిన చోటును గుర్తించును. అందువలననే గోటితో గీచిన పలుకదు. పుల్లతో పొడిచిన పలుకదు. నీరు సైతము విద్యుత్తును పోనిచ్చును గనుక, తడిచేతితో తాకినయెడల ఒకచోట తాకిన వేఱొకచోట పలుకును. వంటయింటిలో నిది గుర్తుంచుకొనవలసిన సంగతి. చేయి పిండిగా నున్నప్పుడు వ్రేలికణుపు వెనుకభాగముతో తాకుట నాకు అలవాటైనది. చర్మ మే భాగమునదైనను తెరకు ఒక్కటే.

వంటయింటిలో దీనిని ఏ భంగిమలో నిలుపవలెనను విషయము దుకాణమువారు చెప్పరు. వారు చూపు పటములలో స్టాండువలె నిలిపి యుంచుట యందముగా కనబడును. కాని అట్లు నిలిపినప్పుడు కీబోర్డు బోర్లపడి గట్టును తాకుచుండును. గట్టుమీద నీటిచుక్క యున్నను, చక్కెర పలుకున్నను, అది తిన్నగా కీల సందులలోనికి పోవును. కీలు అప్పుడు పనిచేయవు; మడతను కనిపెట్టు పరికరము లోపల నుండుటచే వెనుకకు మడవగానే కీబోర్డు నిద్రపోవును. పనిచేయకున్నంత మాత్రమున తడియకుండునా? కావున గట్టుమీద నెల్లప్పుడును గుడారముగనే నిలుపవలెను. గుడారమునకు రెండంచులు మాత్రమే నేలను తాకును, ఆక్రమించు చోటు గూడ జానెడే. పొయ్యికి రెండు మూరల దూరమున నుంచి, పోపు చిటపటలు మీద పడకుండ చూచుకొన్నచో, ఆవకాయ కొలతలు మొదలు చెల్లెలు వ్రాసిపంపిన కేకు విధానము వఱకు నన్నియు కంటియెదుట నుండును. గుడారముగా నున్నప్పుడు అడుగుభాగపు గాలిరంధ్రములు మూసికొనిపోవు గనుక యంత్రము చల్లగా నుండును. మరి మంచముమీద పరుపులో కూరుకొనిపోవు ల్యాప్‌టాపునకును దీనికిని ఇదియే పెద్ద భేదము.

అయితే ఈ గుడారమునకు ఒక లోపమున్నది. దూరదేశమున నున్న పిల్లలతో వీడియోలో మాటలాడునప్పుడు గుడారము పనికిరాదు. తెర తలక్రిందుగా నిలుచుటచేత, పైయంచున నుండవలసిన కెమెరా క్రిందికి వచ్చి బల్లను తాకుచుండును. అమెరికాలోని కొడుకునకు తల్లి ముఖమునకు బదులు గడ్డమును, పైన తిరుగు ఫ్యానును కనబడును. అప్పుడు స్టాండుగా త్రిప్పవలెను, పొడిబట్ట యొకటి క్రింద పఱచి. మా యత్తగారు ఈ త్రిప్పుట నేర్చుకొన్నారు. ఆమెకు మౌసు పట్టుకొనుట చేతగాలేదు. బాణపుగుర్తు ఎక్కడికో పరుగెత్తుచున్నదని విసుగుకొనెడివారు. తెరను వ్రేలితో జరుపుట మాత్రము ఒక్క పూటలో వచ్చినది. పంచాంగమునైనను, పాతపుస్తకముల ఫొటోప్రతులనైనను, రెండువ్రేళ్లతో విడదీసి యక్షరములను పెద్దవి చేసికొని, కళ్లజోడు వెదకుకొనకుండ చదువుకొనుచున్నారు. డెబ్బది దాటినవారికి ఈ యొక్క సౌకర్యమే చాలునని నాకు తోచును. వీణ నేర్చుకొను పిల్లలున్న యింట స్వరములు వ్రాసిన పుటను గుడారముగా నేలమీద నిలిపి, ఎడమచేతితో నొకసారి తాకి పుట త్రిప్పుకొనవచ్చును.

కలము సంగతి చెప్పవలెను. ఇందు రెండు జాతులు గలవు. ఒకటి జపానుదేశమున 1983లో స్థాపింపబడిన వాకమ్ కంపెనీవారి పద్ధతి. తెర వెనుకనున్న పలక యయస్కాంత క్షేత్రమును పుట్టించి కలమునకు కావలసిన శక్తిని తానే యిచ్చును, కలములో బ్యాటరీ యుండదు. రెండవ జాతి కలములో చిన్న బ్యాటరీ యుండును. కొన్నింటిని చార్జి చేయవలెను, కొన్నింటికి మన సాధారణపు పెన్సిలు బ్యాటరీకంటె సన్ననిది వేయవలెను. ఆ సన్ననిది అన్ని యూళ్లలో దొరకదు. ఒక కంపెనీ కలము వేఱొక కంపెనీ తెరమీద వ్రాయునన్న నమ్మకము లేదు. కనుక కలము యంత్రముతో కలిపి యిచ్చుచున్నారా, వేఱుగా కొనవలెనా, ఏ రకమని యడిగి తెలిసికొనవలెను. చవుకగా దొరకు రబ్బరుమొన కలము పేరునకు కలమేగాని వ్రేలికి మాఱుగా నుండు కఱ్ఱయే; దానితో చుక్కలముగ్గు పెట్టినచో చుక్కలన్నియు కలిసిపోవును. మంచి కలముతో నైనచో పదునైదు చుక్కల ముగ్గును గూడ తప్పిన గీత తుడిచి మరల వేసికొనుచు సాధింపవచ్చును. రవికెమీది కుట్టుపనికి నమూనా గీచుకొనుట, బడివారు పంపిన కాగితముమీద సంతకము చేసి మరల పంపుట, ఇవి కూడ దీనితో సులభము. గాజుమీద వ్రాయుట కాగితముమీద వ్రాసినట్లుండదు. మొన జాఱును, మొదట కొన్ని దినములు దస్తూరి తనది కానట్లు తోచును.

ఈ కలమువలననే యొక సంసారము నిలిచిన సంగతి నేనెఱుగుదును. మా వీధిలో పదవతరగతి పిల్లలకు లెక్కలు చెప్పు పంతులమ్మగారు కలరు. 2020 మార్చిలో దేశమంతటను లాక్‌డౌను విధింపగా బడులు మూతపడెను. ఆమెకు ప్రైవేటు బడివారిచ్చు జీతమును ఆగిపోయెను. ఫోనుతో పాఠము చెప్పుటకు ప్రయత్నించిరి. త్రిభుజమును గీచి చూపవలెనన్న, కాగితముమీద గీచి, ఫోనును దానిమీద నొకచేత పట్టుకొని, రెండవచేత వ్రాయవలెను. ఆమె గాజులకొఱకు కట్టుచున్న చీటి పాడి, ఆ డబ్బుతో కలముగల కన్వర్టిబుల్ నొకదానిని కొనిరి. "గాజులైనచో అవసరమునకు తాకట్టుకు పనికివచ్చును గదమ్మా, ఇది దేనికి పనికివచ్చును?" అని యత్తగా రడిగిరట. ఈమె మాఱు పలుకలేదు. చాపమీద కూర్చుండి, పలకగా మడచి ఒడిలో వాల్చుకొని, నల్లబల్లమీద వ్రాసినట్లే లెక్క చేసి చూపుచు, మొదట నలుగురు పిల్లలతో ఆరంభించిరి. మఱుసటి నెల ఫీజుడబ్బు తెచ్చి అత్తగారి చేతిలోనే పెట్టిరి. బడులు తెఱచిన తరువాత గూడ సాయంకాలపు తరగతులు మానలేదు. ఇతరగ్రామముల పిల్లలు సైతము చేరిరి. బల్ల, నల్లబల్ల, ప్రత్యేకమగు గది, ఇవి యేవియు లేని యింటిలో నొక స్త్రీ తన విద్యను అమ్ముకొనగలిగినది.

ఆ యంత్రమే మఱుసటి సంవత్సరము ఆమెను ఏడిపించినది. చిన్నపిల్లవాడు తెర యొకమూల పట్టుకొని యెత్తగా, అద్దము మూలనుండి మూలకు పగిలెను. సామాన్యపు ల్యాప్‌టాపులో పైనుండు చట్రమును ఊడదీసి బొమ్మచూపు పలక నొక్కదానిని మార్చవచ్చును. వీనిలో నట్లు కాదు. పైయద్దము, తాకుడు కనిపెట్టు పొర, బొమ్మచూపు పలక, ఈ మూడును సాధారణముగా జిగురుతో నొకటిగా నతుకబడియుండును. ఒకటి చెడిన మూడును మార్చవలెను. మరమ్మతుచేయువారు చెప్పిన వెల కొన్న ధరలో దాదాపు సగము. గ్యారంటీ కాగితము చూపగా, చేజాఱిన దానికి అది వర్తింపదనిరి. క్రొత్త తెర వచ్చువఱకు ఆమె టెలివిజనునకు తీగె తగిలించి బొమ్మ చూపగలిగెనుగాని, కలము పలుకలేదు. పరీక్షలముందు పదిదినములు పాఠములు సాగలేదు. ప్రమాదవశమున విఱిగినదానికి వేఱుగా రక్షణపథకము కొనుచో కొన్నిచోట్ల దొరకును. జీవనమునకే దీనిని కొనువారు ఆ కొద్దిడబ్బు నధికముగా నిచ్చుట మంచిది. ఇంటిలో నందఱకును, ముఖ్యముగా పిల్లలకు, దీనిని కీబోర్డువైపు రెండుచేతుల పట్టి యెత్తవలెనుగాని తెరపట్టి యెత్తరాదని మొదటిదినముననే నేర్పవలెను.

పలకగా దీని లోపములు చెప్పక తప్పదు. మొదటిది బరువు. విడిగా దొరకు పలకలు, అనగా టాబ్లెట్లు, సుమారు అరకిలో తూగును. ఇది కిలోకు పైబడి కిలోన్నర వఱకు తూగును. పండుకొని యొకచేతితో పట్టుకొని కథ చదువుకొందమన్న మణికట్టు పది నిమిషములకే మొఱ్ఱపెట్టును. ఒడిలోనో దిండుమీదనో ఆనించుకొనవలసినదే. రెండవది, పలకగా మడచినప్పుడు కీబోర్డు వెనుకవైపునకు వచ్చును. పట్టుకొన్న వ్రేళ్లకు కీలు గుచ్చుకొనుచుండును. పనిచేయవని తెలిసినను ఏదో నొక్కుచున్నామను భ్రాంతి చాలదినములు పోదు. కొన్నింటికి వెలిగించి యార్పు బొత్తాము ప్రక్కయంచున నుండును. పట్టుకొనుటలో వ్రేలు తగిలి తెర యారిపోవును. మూడవది, తెర నిగనిగలాడు గాజు గనుక కిటికీ వెలుతురు, ట్యూబులైటు, మన ముఖము, అన్నియు నందు కనబడును. వ్రేలిముద్రలు సరేసరి. కళ్లజోడు తుడుచు మెత్తని బట్టను కొంచెము తడిచేసి, యంత్రము నార్పి తుడువవలెను. నీటినిగాని మందునుగాని తెరమీద చల్లరాదు. అంచుల వెంబడి లోనికి దిగును.

వీనికంటె పెద్దలోప మింకొకటి యున్నది. అది యంత్రములో కాక లోపలి యేర్పాటులో నున్నది. విండోస్ మొదట మౌసుకొఱకు పుట్టినది. అందలి చిన్నచిన్న గుర్తులు బాణపుమొనకు తగినవిగాని వ్రేలికి తగినవి కావు. 2012లో విండోస్ 8లో అంతయు వ్రేలికి తగునట్లు మార్చగా, మౌసు వాడువారు గోలపెట్టిరి. 2015లో వచ్చిన విండోస్ 10లో పలకకు ఒక పద్ధతి, బల్లకు ఒక పద్ధతి యని రెండు పెట్టిరి. 2021లో వచ్చిన విండోస్ 11లో ఆ వేఱుపద్ధతిని తీసివేసి, కీబోర్డు వెనుకకు మడవగానే గుర్తులు తామే కొంచెము ఎడమెడముగా జరుగునట్లు చేసిరి. ఈ మార్పులన్నిటి తరువాత గూడ, లెక్కలకాగితములో నొక గడిని వ్రేలితో తాకవలెనన్న నేను ప్రక్కగడిని తాకుచునే యున్నాను. అట్టి పనులకు పుస్తకమువలె తెఱచి కీబోర్డుతో చేసికొనుటయే సుఖము. మరి కీబోర్డున్నది గదా! విడిపలక కొన్నవారికి ఆ సుఖము లేదు.

తెలుగు వ్రాసికొనుట గూర్చి చాలమంది యడుగుదురు. ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతి విండోసులో నెప్పటినుండియో కలదు. అది కొన్నిదినములు శ్రమపడి నేర్చుకొన్నచో వేగముగా సాగును. ఇంగ్లీషు అక్షరములతో ఉచ్చారణను బట్టి కొట్టగా తెలుగుగా మాఱు కీబోర్డును 2019లో తెలుగుతో సహా పది భారతీయభాషలకు విండోస్ 10లో చేర్చిరి. రెండును ఉచితమే, భాషల యమరికలో తెలుగును చేర్చుకొన్నచో చాలును. పలకగా నున్నప్పుడు తెరమీదనే వచ్చు కీబోర్డుతో గూడ తెలుగు కొట్టవచ్చును గాని, అది తెరలో సగమును కప్పివేయును. పుట నిండ వ్రాయుటకు పనికిరాదు. నేను నాలుగు మాటలైనచో కలముతో వ్రాసి, ఆ చేవ్రాతను బొమ్మగనే మా యక్కయ్యకు పంపుదును. అచ్చు అక్షరములకంటె అదియే బాగున్నదని యామె యనును.

కొనునప్పుడు చూడవలసిన సంగతులలో నాకు ముఖ్యముగా తోచినవి కొన్ని. ఒకే బలము, ఒకే జ్ఞాపకశక్తిగల రెండు యంత్రములలో మడచునది సామాన్యపుదానికంటె ఎక్కువ ధర పలుకును. ఆ హెచ్చు కీలునకును తాకుడుతెరకును కలమునకును ఇచ్చు సొమ్ము. బల్లవద్ద కూర్చుండియే పనిచేయువారికి ఆ సొమ్ము దండుగ. అదే సొమ్ముతో సామాన్యపుదానిలో నింతకంటె వేగముగల దానిని కొనవచ్చును. తెర 13, 14 అంగుళములకు మించనిది మంచిది; 15 అంగుళములకు పైబడినది గుడారముగా బాగుండునుగాని పలకగా ఎత్తలేము. తెర మరీ కోలగా నున్నచో నిలువుగా త్రిప్పినప్పుడు పుస్తకపుపుటవలె కాక మేజాగుడ్డ యంచువలె పొడుగై కనబడును. 16:9 కంటె 16:10, అంతకంటె 3:2 కొలత చదువుకొనుటకు అనుకూలము. దుకాణములోనే వెనుకకు మడచి, తెరను ఒక మూల వ్రేలితో తట్టి చూడుడు. తట్టిన ప్రతిసారియు తెర యూగులాడుచున్నచో కీలు వదులని గ్రహింపవలెను. జ్ఞాపకశక్తి చాలవానిలో లోపల నతుకబడియుండి తరువాత పెంచుటకు వీలుండదు గనుక, 8 జీబీతో సరిపెట్టుకొందమా, 16 జీబీ కొందమా యని కొనకముందే తేల్చుకొనుడు. నా మటుకు నేను 16 అందును.

వాడినదానిని తక్కువధరకు కొనువారు ఇంకొక సంగతి విచారింపవలెను. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాతయంత్రములు కొన్ని విండోస్ 11కు మాఱుటకు అర్హమైనవి కావు. అట్టివానిలో బ్యాంకుపనులు చేసికొనుట క్షేమము కాదు. గూగులువారి క్రోమ్‌బుక్కులలో గూడ మడచు రకములు కలవు. వానికి పదియేండ్లవఱకు మెఱుగుదలలు పంపుదుమని 2023లో ప్రకటించిరి. అయినను ఆ గడువు మన కొన్న దినమునుండి కాక, ఆ రకము మొదట వెలువడినప్పటినుండి లెక్కింపబడును.

ఇంటిలో నిది యెవరిదను ప్రశ్న చిన్నది కాదు. ఇంటికి వచ్చిన మంచివస్తువు ఇంటందఱిదగును. అందఱిదైనది కడపట ఇల్లాలిది కాకపోవును. పిల్లవాడు ఆటకు తీసికొనును, ఆయన ఆఫీసు కాగితములకు తీసికొందురు, తెరమీది గుర్తుల వరుస మాఱును, మనము సగము వ్రాసిన లెక్క యెక్కడనో మాయమగును. పెట్టెకు తాళము వేయనక్కఱలేదు. కంప్యూటరులో నొక్కొక్కరికి వేఱువేఱు ఖాతా పెట్టుట కలదు. ఎవరి సంకేతపదము వారిది, ఎవరి కాగితములు వారివి. యంత్రము తెచ్చిన సాయంకాలమే తనపేర నొక ఖాతా పెట్టుకొని, దానినే పెత్తనపు ఖాతాగా నుంచుకొనవలెను. మా పంతులమ్మగా రట్లే చేసిరి. ఆమె సంకేతపదము ఇంటిలో నెవరికిని తెలియదు, అత్తగారికి తప్ప.

బ్యాటరీ నాలుగేండ్లకు నా యంత్రములో బాగుగనే యున్నది. నిండ చార్జి చేసి దినమెల్ల తీగె తగిలించి యుంచక, 80 పాళ్లవద్ద నాపు నమరికను పెట్టుకొంటిని. ఎండాకాలమున మధ్యాహ్నపు టెండ పడు కిటికీలో నుంచరాదు. అడుగుభాగముగాని తాకుడు చదరముగాని ఉబ్బినట్లు కనబడినచో బ్యాటరీ పొంగినదని తెలిసికొని, ఆ పూటనే వాడుక మాని మరమ్మతునకు పంపవలెను. కలము మొన యరిగినచో మార్చుకొనవచ్చును. విడిమొనలు కొన్నప్పుడే పెట్టెలో వచ్చినయెడల వానిని కుట్టుసూదుల డబ్బాలో దాచుకొనుడు. కలమునకు పెట్టుకొను చోటు యంత్రములోనే యున్నదా యని గూడ చూచి కొనవలెను. మా దానికి లేదు. తలుపువెనుక చీలకు కట్టిన దారమున వ్రేలాడుచుండును.